చెలమ తవ్విన ఏనుగు

ఉరవకొండ, విడపనకల్లు వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై రెండేళ్ళు సోషల్ చెప్పాను. రిటైరయ్యాక మా పెద్దోడు టాంజానియాలో ఉద్యోగంలో కుదురుకోవడంతో రెండుసార్లు ఆ దేశం పోయి వచ్చాను. మొదటిసారి పోయింది తప్పుకాలం, రెండోసారి పోయింది సరైన కాలం. బెంగళూరులో, హైదరాబాదులో స్థిరపడిన నా పాత విద్యార్థులు ఇప్పుడు పిల్లాపాపలతో సఫారీకి పోవాలనుకుంటే నాకు ఫోన్ చేస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, ఏ నెలలో పోతే జంతువులు బాగా కనబడతాయి?" ఫోన్లో చెప్పింది సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. కరువుసీమలో పుట్టినవాళ్ళకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. మన ఊళ్ళో చూసిందే అక్కడ ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది.

1. మన వేసవి సెలవులు వాళ్ళ వానాకాలం

మొదటిసారి ఏప్రిల్ ఆఖరులో పోయినాం. మనవళ్ళకు బడి సెలవులు, మా ఇంటామెకు ఇక్కడి ఎండలు తప్పుతాయన్న ఆశ. టికెట్లూ గదులూ బాగా చౌకగా వస్తున్నాయని ఏజెంటు చెబితే సంబరపడ్డాం. ఎందుకంత చౌక అని మాలో ఒక్కరూ అడగలేదు.

భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కెన్యా, టాంజానియాల్లో ఏడాదికి రెండు వానకాలాలు. మార్చి నుంచి మే దాకా పెద్దవానలు. వాటిని స్వాహిలీలో మసీకా అంటారు. నవంబరు, డిసెంబరుల్లో పడేవి చిన్నవానలు, వాటి పేరు వూలీ. మనకూ నైరుతి, ఈశాన్యం అని రెండున్నాయి గానీ, ఒకటి పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని వస్తుంది, ఇంకొకటి కోస్తా నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. అక్కడి మసీకా అలాంటిది కాదు. మేము పోయిన నాలుగు రోజుల్లో మూడు రోజులు కుండపోత. గడ్డి మనిషి నడుము దాటి పెరిగింది. అందులో సింహం పడుకుంటే పది అడుగుల దూరం నుంచి కూడా కనబడదు. ఎక్కడ పడితే అక్కడ నీళ్ళుండటంతో ఏ జంతువుకూ ఒకచోటికి రావాల్సిన పనిలేదు. దూరంగా రెండు జిరాఫీలు, చెట్ల మధ్య ఏనుగుల వెన్నులు చూశాం, అంతే.

మూడోరోజు జీపు బురదలో కూరుకుపోయింది. డ్రైవరు దిగి, చక్రానికి పట్టిన మట్టిని చేత్తో తీసి చూపించి "బ్లాక్ కాటన్" అన్నాడు. నల్లరేగడి! ఉరవకొండ నుంచి గుంతకల్లు దాకా వానొస్తే బండి చక్రం తిరగనివ్వని అదే మట్టి. దాని స్వభావం నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. వానకాలంలో ఆ నేలమీదికి పోతున్నామని తెలిసుంటే ఆ నెలలో ఒప్పుకునేవాణ్ణే కాదు. ఇంకో బండి వచ్చి తాడు కట్టి లాగేదాకా నాలుగు గంటలు అక్కడే ఉన్నాం.

కాబట్టి పిల్లలున్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. మన వేసవి సెలవుల్లో తూర్పు ఆఫ్రికాలో పెద్దవానలు. ఆ నెలల్లో కొన్ని బసలు మూసే ఉంచుతారు. మన దసరా సెలవులు సరిగ్గా అక్కడి ఎండుకాలం చివర్లో పడతాయి, అంతకన్నా మంచి సమయం లేదు. సంక్రాంతి సెలవులు రెండు వానకాలాల మధ్య వచ్చే విరామంలో పడతాయి. అవి పొట్టి సెలవులు గానీ, పనికొస్తాయి. రాజమండ్రి వాళ్ళకైనా, మనకైనా బడి క్యాలెండరు ఒకటే కాబట్టి తెలుగువాళ్ళందరికీ ఇదే లెక్క.

2. నీళ్ళు తగ్గేకొద్దీ జంతువులు దగ్గరికి వస్తాయి

రెండోసారి దసరాకు పోయినాం. ఈసారి తరంగిరే అనే పార్కుకు. అదే పేరున్న ఏరు దాని మధ్యలో పారుతుంది. పారుతుంది అని రాశాను గానీ, మేము చూసినప్పుడు పారే నీళ్ళు చారెడు కూడా లేవు. చాలామేర ఒట్టి ఇసుక. మన పెన్నేరులాగే.

డ్రైవరు బండిని గట్టుమీద ఆపి ఇంజను కట్టేశాడు. నన్ను అతను "బాబు" అని పిలిచేవాడు. స్వాహిలీలో తాతను బాబు అంటారు. "చూడు బాబు" అన్నట్టు వేలు చూపించాడు. ఇసుకలో ఒక పెద్ద ఆడ ఏనుగు ముందుకాలితో గోకుతోంది. గోకిన ఇసుకను తొండంతో తీసి పక్కకు పోస్తోంది. గుంత మోకాలి లోతు అయ్యాక ఆగింది. ఊరేదాకా నిలబడింది. తొండం ముంచి, తొలి బురదనీళ్ళు పక్కకు చిమ్మింది. మళ్ళీ ఆగింది. అప్పుడు తాగింది. దాని కడుపు కిందే నిలబడ్డ గున్నకు తొండం అంతలోతుకు అందడం లేదు. అది ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద వంగింది.

నేను ఏడుస్తున్నానని మా ఇంటామె చెప్పేదాకా నాకు తెలీలేదు. పెన్నహోబిలం దిగువన ఏటి ఇసుకలో మా అవ్వ చెలమ తవ్వేది. నేను చెంబు పట్టుకొని పక్కన నిలబడేవాణ్ణి. అవ్వ తొలి నీళ్ళు తోడి పారబోసేది. ఊరేదాకా మాట్లాడకుండా కూర్చునేది. తర్వాత చిన్న చిప్పతో తోడి, గుడ్డ వేసి బిందెలో పోసేది. ఏ మలుపులో ఇసుక కింద నీళ్ళు దగ్గరో, ఏ మలుపులో ఎంత తవ్వినా రావో ఆమెకు తెలుసు. అంతకుముందు కరువులు చూసిన మనిషి.

ఇంటికొచ్చాక ఆ ఏనుగుల గురించి చదివాను. 1993లో తరంగిరేలో తీవ్రమైన కరువు వచ్చింది. పరిశోధకులు గమనిస్తున్న మూడు ఏనుగుల గుంపుల్లో తొమ్మిది నెలల్లోనే 81 గున్నల్లో 16 చనిపోయాయి. పార్కు వదిలి నీళ్ళు వెతుక్కుంటూ బయటికి పోయిన గుంపులకు తక్కువ నష్టం జరిగింది. అక్కడే ఉండిపోయిన గుంపు ఎక్కువ పిల్లల్ని పోగొట్టుకుంది. బయటికి పోయిన గుంపుల్లోని ముసలి ఆడ ఏనుగులు 1958-61 కరువును చూసి బతికినవని, ఉండిపోయిన గుంపులో అంత వయసువి దంతాల వేటగాళ్ళ చేతిలో ఎప్పుడో పోయాయని వాళ్ళు రాశారు. ఆ ముక్క చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

చెలమ విడిచి ఏనుగులు పక్కకు పోగానే చారల గుర్రాలు వచ్చి తాగాయి. తర్వాత అడవిపందులు. ఒక్క గుంతకు అన్ని ప్రాణాలు. జూలై నుంచి అక్టోబరు దాకా తరంగిరేలో జరిగేది ఇదే. చుట్టూ ఉన్న మైదానాల్లో నీళ్ళు అడుగంటుతాయి, జంతువులన్నీ ఏటివైపు దారి పడతాయి. నమీబియాలోని ఎటోషాలో నీటిగుంటల దగ్గర, బోట్స్వానాలోని చోబే నదిగట్టున కూడా ఎండుకాలం చివర్లో ఇదే దృశ్యం. ఆకు రాలిపోయి ఉంటుంది కాబట్టి చూపు దూరం పోతుంది. సింహాలు కూడా వేటకు ఎక్కువ దూరం తిరగవు, నీళ్ళ దగ్గరే కాచుకొని ఉంటాయి.

జంతువులు కనబడటమే ముఖ్యమనుకునేవాళ్ళకు నా సలహా ఎండుకాలం చివరి రెండు నెలలు. ఆకాశం దుమ్ముతో బూడిదరంగుగా ఉంటుంది, ఫోటోలు పచ్చగా రావు. దానికి సిద్ధపడి పోవాలి.

3. మంద ఏ నెలలో ఎక్కడ ఉంటుందో అడగండి

సెరెంగెటి విశాలమని అందరూ అంటారు. ఆ పార్కు 14,763 చదరపు కిలోమీటర్లు. విడిపోకముందు మన అనంతపురం జిల్లా 19,130. మన జిల్లాకన్నా చిన్న చోట పదమూడు లక్షల దాకా వైల్డ్‌బీస్ట్‌లు, రెండు లక్షలకు పైగా చారల గుర్రాలు తిరుగుతాయని ఊహించుకోండి. పక్కనున్న కెన్యా మసాయి మారా ఇంకా చిన్నది, 1,510 చదరపు కిలోమీటర్లే. జంతువులకు ఆ సరిహద్దుతో పనిలేదు.

ఈ మందలు ఎటు పోతాయో మన గొర్రెల కాపరులకు చెబితే చిటికెలో అర్థమవుతుంది. వేసవి ముదిరితే గొర్లను తోలుకొని కాలువ కింది ఆయకట్టు వైపు పోయి, ఇక్కడ తొలివానలు పడ్డాయని తెలియగానే వెనక్కి వస్తారు కదా, అదే పద్ధతి. వాన ఎక్కడ పడి కొత్తగడ్డి మొలిస్తే మంద అక్కడికి. డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణాన న్దూతు వైపు పొట్టిగడ్డి మైదానాల్లో ఉంటాయి. అగ్నిపర్వతాల బూడిద పడ్డ నేల అది, ఆ గడ్డిలో పాలిచ్చే తల్లికి కావాల్సిన ఖనిజాలుంటాయి. అందుకే ఈనడం అక్కడే. ఫిబ్రవరిలో, మనకు ధనిష్ఠ కార్తె నడిచే రోజుల్లో, రెండు మూడు వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి నిలబడతాయి, నిలబడకపోతే దుమ్ములగొండ్లు వదలవు. ఏప్రిల్, మే నెలల్లో మందలు పడమటికి, ఉత్తరానికి కదులుతాయి. జూన్‌లో గ్రుమెటి నది దగ్గర ఉంటాయి. జూలై ఆఖరు నుంచి అక్టోబరు దాకా మారా నది దాటడం. పుష్యమి నుంచి హస్త దాకా కార్తెలు. మన శెనక్కాయ పైరు ఆకాశం వైపు చూసే రోజులే.

ఒక ఏడు వాన రెండు వారాలు అటూ ఇటూ అయితే మంద కూడా అంతే అటూ ఇటూ అవుతుంది. పంచాంగంలో కార్తె పేరుంటుంది గానీ, ఆ కార్తెలో మన చేలో వాన పడుతుందని రాసి ఉండదు కదా. ఫలానా తేదీన నది దాటుతాయని ఎవరైనా హామీ ఇస్తే ఆ మాట నమ్మి డబ్బు కట్టొద్దు.

4. వాన ఒకచోట, వరద ఇంకోచోట

ఆఫ్రికా ఒకటే దేశం అన్నట్టు మాట్లాడతాం. దక్షిణ ఆఫ్రికాలో క్రూగర్ వైపు పోయేవాళ్ళకు పైన చెప్పిన లెక్క పనికిరాదు. అక్కడ ఒకటే వానకాలం, అక్టోబరు, నవంబరు నుంచి మార్చి దాకా. మే నుంచి సెప్టెంబరు దాకా చలీ, ఎండుకాలమూ కలిసి ఉంటాయి. మన బడి తెరవక ముందే, జూన్ మొదట్లో పోయేవాళ్ళకు అటువైపే మేలు.

బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాకు నేను పోలేదు. పోకపోయినా దాని గురించి తొమ్మిదో తరగతి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పేవాణ్ణి, ఎందుకంటే అనంతపురం పిల్లలకు అంత తేలిగ్గా అర్థమయ్యే పాఠం ఇంకొకటి లేదు. వాన పడేది అంగోలా కొండల్లో, జనవరి ఫిబ్రవరుల్లో. ఆ నీళ్ళు మెల్లగా ఇసుకనేలల మీదుగా నెలల తరబడి ప్రయాణించి, జూన్ నుంచి ఆగస్టు మధ్య డెల్టాలో నిండుగా పరుచుకుంటాయి. అప్పుడు అక్కడ ఆకాశంలో మబ్బుతునక ఉండదు. చుట్టూ ఎండిపోయిన నేల, మధ్యలో వరద. ఆ నది సముద్రం చేరదు, కలహారి ఇసుకల్లోనే ఆగిపోతుంది.

మలెనాడులో వాన పడితే తుంగభద్ర నిండుతుంది. ఇక్కడ చినుకు లేకపోయినా హెచ్చెల్సీ కాలువలో నీళ్ళొస్తాయి. చిన్నప్పుడు కాలువకు తొలినీళ్ళు వచ్చిన రోజు గట్టువెంట పరిగెత్తినవాళ్ళెవరికైనా ఒకవాంగోలో ఏనుగులు ఎందుకు అంత దూరం నడిచి వస్తాయో చెప్పాల్సిన పనిలేదు.

5. జంతువు ఒంట్లోనూ ఒక పంచాంగం ఉంటుంది

1952లో చిత్తూరు జిల్లాలో చీతాను చూసినట్టు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో నమోదైంది. దేశంలో చివరి చీతా నమోదుల్లో అదొకటి. మన కొండల్లో ఇప్పటికీ తిరిగే చిరుత వేరు, చీతా వేరు. డెబ్బై ఏళ్ళ తర్వాత, 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చారు.

అవి పుట్టిన నేలలో జూన్ నుంచి చలికాలం. ఆ లెక్క ఒంట్లోనే ఉంది కాబట్టి మన ఎండలోనూ, మన వానలోనూ వాటికి చలికాలపు దట్టమైన బొచ్చు పెరిగింది. మెడకు కట్టిన రేడియో పట్టీ కింద ఆ బొచ్చు తడిసి, పుండ్లు పడి, పురుగులు పట్టి 2023 వానకాలంలో కొన్ని చనిపోయాయి. దేశం మారినా ఒళ్ళు ఇంకా పాత రుతువులోనే ఉంది. ఈ సంగతి నాకు చాలా బాధ కలిగించింది. జంతువును చూడటానికి కాలం ఎంచుకునేముందు, ఆ కాలం దానికి ఏమిటో తెలుసుకోవడం మన బాధ్యత అనిపించింది కూడా అప్పుడే.

6. స్వెటరు, సూది, చొక్కా రంగు

నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. మన హార్సిలీ హిల్స్ 1,260కి కాస్త పైన. జూలై ఆగస్టుల్లో తెల్లవారుజామున పైకప్పు తెరిచిన జీపులో పళ్ళు కటకటలాడతాయి. పెద్దవాళ్ళకు మఫ్లరు కావాలి.

కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్ళ దగ్గర ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. అరవై దాటినవాళ్ళు ముందు డాక్టరును తప్పకుండా అడగాలి, ఆ వయసులో ఆ టీకా అందరికీ పడదు. వానకాలంలో పోతే దోమలు ఎక్కువ, మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే అడగండి.

ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు. సెట్సీ ఈగలు ఆ రంగులకు మూగుతాయి. మా కోడలు నీలం చుడీదారు వేసుకొని చాలా అవస్థ పడింది.

7. ఖర్చు

మంచికాలం ఖరీదైన కాలం. మసాయి మారాలో 2024 నుంచి విదేశీ పెద్దవాళ్ళకు రోజు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. చేతిలో డబ్బు తక్కువుంటే రోజులు తగ్గించుకోండి గానీ కాలం మార్చుకోవద్దు. తప్పుకాలంలో ఆరు రోజులకన్నా సరైన కాలంలో మూడు రోజులు నయం. జూన్ నెల మధ్యేమార్గం: వానలు తగ్గి ఉంటాయి, ధరలు ఇంకా పెరిగి ఉండవు. ఇక పక్షులే ప్రాణమనుకునేవాళ్ళు మాత్రం నా మాట వినక్కర్లేదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా యూరప్ వలస పక్షులు కూడా అక్కడే ఉంటాయి, పచ్చటి వానకాలమే వాళ్ళది.

8. నదిగట్టున తొందరపెట్టొద్దు

ఆ దసరా ప్రయాణంలోనే మారా నది దగ్గర మేము రెండు రోజులు కూర్చున్నాం. మొదటిరోజు వేలకొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు గట్టుదాకా వచ్చి, నీళ్ళు వాసన చూసి, వెనక్కి పోయినాయి. నాలుగుసార్లు అలాగే. సాయంత్రమైంది, దాటలేదు. రెండోరోజు పదకొండు గంటలప్పుడు ఒకటి దూకింది. దాని వెనకే గట్టంతా నీళ్ళలోకి జారినట్టయింది.

అవి దాటుతుంటే అవతలి ఒడ్డున కొన్ని బండ్లు మంచి ఫోటో కోసం నీళ్ళ అంచుదాకా దూసుకొచ్చాయి. పైకెక్కే దారి మూసుకుపోయి ముందున్న జంతువులు వెనక్కి తిరిగాయి, వెనకవి ముందుకు తోశాయి. కొన్ని కొట్టుకుపోయాయి. మా డ్రైవరు కదల్లేదు. ఇంకా దగ్గరికి పోదామని మా మనవడు అడిగితే, వద్దని తల ఊపాడు.

మనం చూడ్డానికి మంచిదని ఎంచుకున్న కాలం వాటికి ఏడాదిలో అన్నిటికన్నా కష్టకాలం. డొక్కలు లెక్కపెట్టొచ్చు. కరువు ఏడాదిలో మన ఊరికి వచ్చి, ఎండిన బావి దగ్గర బారులు తీరిన బిందెల్ని ఫోటో తీసుకొని పోయినవాళ్ళను నేను చూశాను. అప్పుడు నాకు ఎలా ఉండిందో ఆ నదిగట్టున గుర్తొచ్చింది. బుక్ చేసుకునేటప్పుడే డ్రైవరు గురించి అడగండి. దూరంగా ఆపేవాడు, ఇంజను కట్టేసేవాడు దొరికితే ఒకింత ఎక్కువిచ్చినా తప్పులేదు.

9. ముందు మన తాలూకా తిరగండి

ఆఫ్రికాకు పోయేముందు ఒక ఏడాది ఇక్కడ తిరిగితే కాలాన్ని చదవడం అలవాటవుతుంది. ఫిబ్రవరిలో శనగ కోసేశాక విడపనకల్లు, ఉరవకొండ నల్లరేగడి చేలల్లో జింకల మందలు ఎదురుగా కనబడతాయి. పొద్దుపొడుపుకు నల్లటి మగజింక గట్టుమీద నిలబడితే ఏ సఫారీకీ తీసిపోదు. అయితే నవంబరు, డిసెంబరుల్లో అదే మంద రాత్రికి రాత్రి ఎకరాలకొద్దీ మొలకలు మేసేస్తుంది. రైతు చలిలో చేలోనే పడుకుంటాడు. చట్టప్రకారం జింకను ముట్టుకోకూడదు, ముట్టుకోడు కూడా. చూడ్డానికి పోయినప్పుడు ఆ రైతుతో కాసేపు మాట్లాడండి. మసాయి పశువుల కాపరులు సింహాల పక్కన ఎలా బతుకుతున్నారో అతని మాటల్లోనే తెలుస్తుంది.

సరిహద్దు దాటితే బళ్ళారి వైపు దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది, 1994లో ఏర్పడింది. మధ్యాహ్నం దాటాక బండల మీదికి ఎలుగుబంట్లు వస్తాయి. కాబిని జలాశయంలో ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు వెనక్కి తగ్గి పచ్చిక బయటపడితే ఏనుగులు గుంపులు గుంపులుగా దిగుతాయి. మన వేసవి సెలవులకు సరిగ్గా సరిపోయేది అదే. రోళ్ళపాడును 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఇప్పుడు ఆ పిట్ట కనబడటం చాలా అరుదైపోయింది. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే గద్దజాతి పక్షులు మాత్రం గడ్డిమీద వాలుతూ లేస్తూ తిరుగుతాయి. నల్లమలలో పులుల అడవిని జూలై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు. మూసిన తలుపు ముందు నిలబడి గొడవపడొద్దు, అది జంతువుల కాపురకాలం.

అన్నిటికన్నా నాకిష్టమైంది చిలమత్తూరు మండలంలోని వీరాపురం. సంక్రాంతి దాటాక రంగుల కొంగలు వస్తాయి. ఊరి మధ్యలో చింతచెట్లమీద, తుమ్మచెట్లమీద గూళ్ళు కడతాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లా చూస్తారు అక్కడి జనం. పిల్లలు పెద్దవై రెక్కలొచ్చాక, వానకాలంలో వెళ్ళిపోతాయి. అక్కడ అరుగుమీద కూర్చుంటే జీపూ టికెట్టూ అక్కర్లేకుండా తలపైనే కాపురం కనబడుతుంది. చెరువుల్లో చేపలుంటేనే వాటికి ఆహారం, చెరువులు నిండితేనే చేపలు. అందుకే కరువు ఏడు గూళ్ళు తగ్గుతాయి.

ఈ ఫిబ్రవరిలో మనవణ్ణి తీసుకొని పోవాలనుకుంటున్నాను. "ఏ తేదీన తాతా?" అని ఇప్పటికే మూడుసార్లు అడిగాడు. చిలమత్తూరులో నా పాత విద్యార్థి ఒకడున్నాడు. చెరువులో నీళ్ళెంత ఉన్నాయో చూసి చెప్పమన్నాను. వాడి ఫోన్ వచ్చాక తేదీ చెబుతాను.